ఊరంతా రాజేశాలే

నా తెలివితక్కువతనం సంగతి ముందే ఒప్పుకుంట. ఇరువై ఏండ్లు కథలు రాసిన. ఇరువై ఏండ్లు నా కథల్ల హీరో పేరు రవి, హీరోయిన్ పేరు సుధ. రవి కొన్ని కథల్ల బ్యాంకుల పనిచేసిండు, కొన్ని కథల్ల ఉద్యోగం దొరకక పార్కుల పొంటి తిరిగిండు. అప్పటికి కోరుట్లల తిరగదగ్గ పార్కు లేదు. అయినా తిరిగిండు. పొద్దున లేవంగనె సుధ చేతి ఫిల్టర్ కాఫీ తాగుకుంట పేపర్ చదివిండు. మా ఇంట్ల కాఫీపొడి అనేది చుట్టాల కోసం ఒకసారి తెచ్చి, వాళ్ళు రాకపోయేసరికి డబ్బాల్నే గడ్డకట్టిన వస్తువు. రవికి రోజూ కాఫీ పోసి, నేను మాత్రం చాయ్ తాగి బడికి పోతుంటి.

తప్పు రవిది కాదు. నేను చదువు నేర్చుకున్నది కిరాయికి దొరికే వారపత్రికల మీద. వాటిల్ల అందరు రవులే. కథ లోపలికి పోవాలంటే మనిషి పేరు రవి అయ్యుండాలె, లేకపోతే గేటుకాడనే ఆపుతరని నాకొక నమ్మకం. మా వాడకట్టుల ఉన్నోళ్ళు రాజేశాలు, గంగారాములు, లక్ష్మీరాజాలు, బుచ్చవ్వలు. రేషన్ కార్డుకు, ఓటరు లిస్టుకు పనికొచ్చే పేర్లు. కథకు మాత్రం ఇస్త్రీ చేసిన పేరు ఉండాలె అనుకున్న.

మా అవ్వకు చదువు రాదు. ఒకసారి అచ్చయిన కథ ముందట కూసుండబెట్టుకొని చదివి వినిపించిన. చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంట మొత్తం విన్నది.

"గీ రవి ఎవలు కొడుకా? మనోడేనా?"

"మనోడు కాదవ్వ. ఉత్తదే. నేను కల్పిచ్చిన."

"కల్పిచ్చేటోనివి మనోన్నే కల్పియ్యరాదు? ఎవలో అవుతలోని ముచ్చట మనకెందుకు?"

సాహిత్య విమర్శ పుస్తకాలు నేను మస్తు చదివిన. గింత పొట్టిగ చెప్పినోళ్ళు ఎవలు లేరు. విన్ననా అంటే, విన్న. ఆ తర్వాత ఇంకో పదేండ్లు రవికి కాఫీ పోసిన.

ఇంతల ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం ఊపందుకున్నది. బడులు బందు, బస్సులు బందు, ఆఫీసులకు తాళాలు. కోరుట్లల నిజామాబాదు రోడ్డు పక్కన టెంటు వేసిన్రు. రోజుకు పదిమంది చొప్పున రిలే నిరాహార దీక్ష. పొద్దున పదింటికి మెడల దండ వేసుకొని కూసునుడు, సాయంత్రం అయిదింటికి ఎవలన్న పెద్దమనిషి వచ్చి నిమ్మరసం తాపిస్తే లేచుడు. టెంటు ముందట ఒక నల్లబోర్డు. పైన 'నేడు దీక్షలో కూర్చున్నవారు' అని, కింద వరుసగ పేర్లు. ఆ బోర్డు రాసేది నేనే. తెలుగు సారును, దస్తూరి గుండ్రంగ ఉంటదని నాకు అప్పజెప్పిన్రు. ఉద్యమంల నా పాత్ర ఒక సుద్దముక్క పొడుగు. అంతకన్న ఎక్కువ చేసిండని నా గురించి ఎవలన్న చెప్తే నమ్మకుండ్రి.

ఆ దినాలల్లనే జగిత్యాలల మా రచయితల సంఘం అధ్యక్షుడు ఒక నిర్ణయం తీసుకున్నడు. ఆయన రిటైర్డు హెడ్మాస్టరు. మీటింగుల గూడ హాజరు తీసుకున్నట్టే మాట్లాడుతడు. ఉద్యమ కథలతోని ఒక పుస్తకం వేద్దామన్నడు.

"భాష మనది ఉండాలె. మనుషులు మనోళ్ళు ఉండాలె. పేర్లు సుత మనయే ఉండాలె," అని చెప్పి, కండ్లద్దాల మీదికెళ్ళి నా దిక్కు చూసిండు. "రవీ గివీ అని ఎవలన్న రాసుకొచ్చిన్రనుకో, నేను కవరు గూడ చింప."

మీటింగు మొత్తం నవ్వింది. నేను గూడ నవ్విన, మరి నవ్వకపోతే నేనే అని తెలుస్తదని. అందరికి ఎప్పుడో తెలిసిందని ఇంటికి పొయ్యేటప్పుడు బస్టాండుల అర్థమైంది.

నాకు ఆ పుస్తకంల చోటు కావాలె. ఎంత కావాలెనో ఇప్పుడు చెప్తే నాకే సిగ్గు. అప్పటిదాక నా కథలన్ని పేపర్ల ఆదివారం అనుబంధాలల్ల వచ్చినయే. ఆదివారం అచ్చయి సోమవారం మిర్చిబజ్జీల కింద నూనె తాగిన కథలు. పుస్తకం అంటే అట్ట ఉంటది, వెన్ను ఉంటది, బీరువల నిలవడుతది. నా భార్యకు చెప్తే ఒక్కటే అడిగింది.

"గట్టి అట్టదేనా?"

"గట్టిదే."

"అయితే రాయుండ్రి."

రాసుడెందుకు, ఉన్నదే ఉన్నది గద అని పాత కథ ఒకటి తీసిన. రవి ఉన్నకాడల్లా కొట్టేసి రాజేశం అని, సుధ ఉన్నకాడల్లా గంగవ్వ అని పెన్నుతోని దిద్దిన. ఒక మధ్యాహ్నం పట్టింది. జగిత్యాల పంపించిన. నాలుగొద్దులకు అధ్యక్షుడు ఫోను చేసిండు.

"సారూ, గంగవ్వ డాబా మీద వెన్నెల్ల వీణ వాయిస్తున్నదట."

"అవును సార్."

"వీణ యాడ కొన్నది? మెట్‌పల్లి అంగట్లనా?"

నేను నకలు కాగితాలు తిప్పుకుంట వీణ యాడున్నదో ఎతికిన.

"రాజేశం ఫిల్టర్ కాఫీ తాగుతున్నడట. తాగనియ్యి, నాకేం ఇబ్బంది లేదు. గని తాగినంక 'ఎంత హాయిగా ఉంది సుధా' అన్నడు. గంగవ్వకు తెలిస్తె బతకనిస్తదా వాన్ని?"

ఒక్కతావుల సుధను దిద్దుడు మరిచిన. ఆ ఫోను పెట్టేసినంక నిజంగ సిగ్గనిపించి, మొదటిసారి కండ్లముందట ఉన్న మనిషిని చూసి కథ రాసిన.

ఆ మనిషి ఎవలంటె, మా టెంటుల ముందు వరుసల కూసునే దొరసారు. మెట్‌పల్లి అవుతల ఒక ఊరి దొరల ఇంటాయిన. గడి కూలింది, భూములు చేతులు మారినయి, ఇప్పుడు కోరుట్లల రైసుమిల్లు. ఉద్యమం వచ్చినంక ఆయనకు మళ్ళ ముందట కూసునే జాగ దొరికింది. వారానికి రెండుసార్లు దీక్షల కూసుంటుండె. పదింటికి దండ వేసుకుంటడు. పదకొండింటికి పేపరాయన ఫోటో తీస్తడు. పన్నెండు కాంగనె, "షుగర్ గోలి ఏస్కోని అస్త," అని టెంటు ఎనుకనుంచి గల్లీల వడి ఇంటికి పోతడు. నాలుగున్నరకు తడి దస్తీ నెత్తిమీద కప్పుకొని, ఇద్దరి భుజాల మీద చేతులేసి, కాళ్ళు ఈడ్సుకుంట వస్తడు. నిమ్మరసం గిలాస చేతులకిస్తే వణుకుతది. ఒకనాడు అట్ల వణుక్కుంట తాగుతుంటే చూసిన. మీసాల నడుమ కొత్తిమీర ఆకు ఒకటి పచ్చగ మెరుస్తున్నది. దీక్ష టెంటుల అంత పచ్చటి వస్తువు అదొక్కటే.

ఇదంత ఉన్నది ఉన్నట్టు రాసిన, కొత్తిమీరతో సహ. పేరు దగ్గర మాత్రం ఆగిన. అసలు పేరు పెట్టేంత గుండె నాకెక్కడిది? నేను రాసేది సుద్దముక్కతోని, తుడిస్తె పోవాలె. ఆలోచించి ఆలోచించి, అందరికన్న ఎక్కువమందికి ఉన్న పేరు పెట్టిన. రాజేశం.

మా దిక్కు తెలువనోళ్ళ కోసం ఒక మాట. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పొంటి పేరు పెట్టుడు పెద్ద ఆలోచన పని కాదు. పిల్లలు కాకపోతే వేములవాడ రాజన్నకు మొక్కుతరు. పుడితే రాజేశం. ఇంకొకడు పుడితే రాజయ్య. ఆడపిల్లయితే రాజవ్వ. మొక్కకుండ పుట్టినోనికి గూడ, దేవుడు ఏమనుకుంటడో అని రాజేశమే. బజార్ల నిలవడి 'రాజేశం' అని పిలిస్తె ముగ్గురు తిరిగి చూస్తరు, నాలుగో ఆయనకు చెవులు వినవడవు గన్క చూడడు. ఇంతమంది నడుమ నా రాజేశాన్ని ఎవలు పట్టుకుంటరు, అందరిదైన పేరు ఎవలది కాదు గద అనుకున్న. ఇది నా తెలివి.

కథ ముందు ఆదివారం పేపర్ల వచ్చింది. అధ్యక్షుడు ఫోను చేసి, "ఇగ ఇది కథ. పుస్తకంల వేస్తున్న," అన్నడు. ఆ సంతోషంల ఇంకో మాట అన్నడు, నేను సరిగ్గ పట్టించుకోలే. "అచ్చు భారం మొత్తం మీ కోరుట్ల దొరసారే మోస్తున్నడు. జర మంచిగుండు ఆయనతోని."

సోమవారం పొద్దుగాల బోర్డు రాయడానికి పోయిన. టెంటు పక్క హోటలు రాజేశం నాకు చాయ్ పొయ్యలే. గిలాస కడుక్కుంట, నా దిక్కు చూడకుండ, "సార్, మొన్న దీక్షల ఉన్ననాడు నేను రెండు ఇడ్లీలు తిన్నది నిజమే. గని హోటలు పెట్టుకున్నోడు రుచి చూడకుండ ఎట్ల అమ్ముతడు? గది గూడ కథకెక్కిస్తరా?" అన్నడు.

"నువ్వు కాదు రాజేశం. నీ గురించి కాదు అది."

"పేరు నాదే ఉన్నది గద."

ఆయనను సముదాయించి ఇటు తిరిగిన్నో లేదో, మా బడి పీఈటీ రాజేశం సారు. ఆయన కోపంల గూడ విజిలు వేసినట్టే మాట్లాడుతడు. "నేను ఇంటికి పోయింది స్నానానికి. స్నానానికి పోయినోడు చెయ్యి కడుక్కోడా? చెయ్యి కడిగినోడు కంచం ముందట కూసోడా?" అని తనే వరుసగ ఒప్పుకున్నడు. ఎరువుల దుకాణం రాజేశం దుకాణంల కూసోనే కబురు పంపిండు: తాను తిన్నది మక్కజొన్న కంకి, అది ఫలాహారం కిందికి వస్తదని గుడి పంతులు చెప్పిండట.

పగటీలికి నాకు సంగతి తెలిసివచ్చింది. అందరి పేరు పెడితే ఎవలు రారనుకున్న, అందరొచ్చిన్రు. కోరుట్లల ఉపాసం సరిగ్గ ఉన్న రాజేశం ఒక్కడు లేడనిపించింది. ఆ సంగతి నా కథ రాకముందు ఎవలకు తెలువది. నేను రాసింది ఒక్కని గురించి, బయటవడింది ఊరంతా.

కడుపు నొచ్చింది ఒక్క మనిషి కాడ. ఆయన బస్సు కండక్టరు, రాజేశమే. ఎల్లంతకుంట దిక్కు మనిషి. తాతలనాడు గుంట భూమి లేదు, కైకిలి చేసి చదివిచ్చిన్రు. సమ్మెల ఉన్నడు, జీతం లేదు. అయినా రోజూ టెంటుకు వచ్చేటోడు. తనవంతు కానినాడు గూడ చాపలు దులిపి, కుండల నీళ్ళు పోసి, మైకు వైర్లు సరిజేసి పొయ్యేటోడు. అందరి ముందట నిలవడి ఆయనే చెప్పిండు.

"సార్, నేను ఒకనాడు నడుమ ఇంటికి పోయిన మాట నిజం. మా అవ్వకు బీపీ. నేను చేతులవెట్టి ఇస్తెనే గోలి ఏస్కుంటది. ఇచ్చి అచ్చిన. నీళ్ళు గూడ తాగలే. మీరు బువ్వ తిన్నట్టు రాసిన్రు."

"అది నీ గురించి కాదన్న."

"మరి ఎవల గురించి?"

టెంటుల పదిమంది ఉన్నరు. ముందు వరుసల దొరసారు దండ సదురుకుంటున్నడు. నేను నోరు తెరిసిన. అచ్చు భారం మోసేది ఎవలో అప్పుడు యాదికొచ్చి, గట్టి అట్ట కండ్లల్ల మెదిలింది. "ఉత్తదే. కల్పిచ్చిన," అన్న. అవ్వకు చెప్పిన మాటే. అప్పుడది నిజం, ఇప్పుడు కాదు.

దొరసారు నన్ను దగ్గరికి పిలిచిండు. ఆయన నా భుజం తట్టిండు.

"మస్తు రాసినవు పంతులూ. గసొంటోళ్ళు ఉన్నరు, నేను రోజూ చూస్తున్న. గా మీసాల కొత్తిమీర ముచ్చట చదివి మా ఇంట్ల అందరం నవ్వినం."

నేను ఆయన మొకం దిక్కు చూసిన. నాటకం లేదు. నిజంగనె నవ్విండు. ఆయనకు అది తనది అని తట్టలేదు, ఎప్పటికి తట్టది గూడ. ఎందుకంటె కథల మనిషి పేరు రాజేశం. ఆయన ఊర్ల రాజేశం అంటె కచ్చీరు ముందట చెప్పులిడిసి నిలవడేటోడు. పేరు చూసి మనిషిని నిలవెట్టే జాగ నిర్ణయించుడు వాళ్ళ ఇంట్ల తాతలనాటి అలవాటు. అద్దంల తన మొకమే కనవడ్డా, కింద రాజేశం అని రాసి ఉంటె ఎవడో జీతగాడు అనుకుంటడు.

"గా కండక్టరోడు తనే ఒప్పుకున్నడు గద," అన్నడు. "టెంటు ఇజ్జత్ పోతది. వాని పేరు బోర్డు మీద ఉండద్దు. తుడువు."

హోటలు రాజేశం చాయ్ పోసేటోడు, ఆయన జోలికి పోలేం. పీఈటీ రాజేశంది యూనియను. ఎరువుల రాజేశం టెంటు కిరాయి కట్టేటోడు. మిగిలింది కండక్టరు.

నేను ఏం జేసిన? ఇరువై ఏండ్ల కథకున్ని, అన్యాయం మీద ఎన్ని పేజీలు రాసిన్నో లెక్కలేదు. జేబులకెళ్ళి దస్తీ తీసి, నా గుండ్రటి దస్తూరితోని పొద్దున రాసిన 'రాజేశం' అన్న పేరును నేనే తుడిచిన. మంచిగ తుడిచిన గూడ. మరక లేకుండ.

మర్నాడు కండక్టరు వచ్చిండు. టెంటులకు రాలే. రోడ్డు ఇవుతల, ఫ్లెక్సీ నీడకు ఒక గోనెసంచి పరుచుకొని కూసున్నడు. పదింటినుంచి అయిదింటి దాక. దండ లేదు, పేరు లేదు, నిమ్మరసం లేదు. ఆ మర్నాడు సుత అట్లనే. మూడోనాడు నేను పోయి పక్కన కూసున్న.

"గిదంత ఎందుకన్న? ఇంటికి పోరాదు."

"ఇంటికి పోతె పోయిండంటరు గద సార్."

"మరి అవ్వ గోలి?"

"పొద్దుగాలనే ఇచ్చి అస్తున్న." గోనెసంచి అంచు సదురుకున్నడు. "బోర్డు మీద పేరు లేకున్న ఆకలైతనే ఉన్నది సార్. గదొక్కటి తుడువలే మీరు."

నవ్వుకుంటనే అన్నడు. తిట్టినా బాగుండు.

ఆ వారం నా భార్యను తోల్కరావడానికి సిరిసిల్ల పోయిన. మా బామ్మర్ది అక్కడ మరమగ్గాల షెడ్డుల పనిచేస్తడు. మరమగ్గాలను వాళ్ళు సాంచలంటరు. షెడ్డుల మాట వినాలంటె చెవుల నోరు పెట్టాలె, అంత చప్పుడు. నా కథ అక్కడిదాక పోయింది. "బావా, మా షెడ్డుల ఏడుగురు రాజేశాలున్నరు. నీ మీద ఏడుగురికి కోపమున్నది. నువ్వు వచ్చినవని చెప్పలే," అన్నడు.

నేను అంత కక్కిన. కండక్టరు సంగతి, దస్తీ సంగతి, గట్టి అట్ట సంగతి. వాడు పోగు ముడేసుకుంట విన్నడు.

"ఒక ముచ్చట చెప్త బావా. ఇక్కడ పోగు తెగితె 'రాజేశం' అని గొంతు చించుకొని ఒర్రినమనుకో, ఏడుగురు సాంచలాపి చూస్తరు. పనిమొత్తం ఆగుతది, తెగిన పోగు తెగినట్టే ఉంటది. అందుకని పేరు వెట్టి పిలువం. ఎవనిది తెగిందో వాని సాంచ కాడికి పోయి వాని భుజం మీదనే చెయ్యేస్తం."

"అంటె?"

"అంటె ఏమున్నది. నువ్వు సార్వి, నాకన్న ఎక్కువ చదువుకున్నవు."

ఆ మాట నాకు ఇంటికి చేరేదాక చెవుల్ల సాంచ లెక్క ఆడింది.

పుస్తకం అచ్చుకు పొయ్యేముందు అధ్యక్షునికి కంటి ఆపరేషనైంది. ప్రూఫులు నన్ను చూడుమన్నడు. జగిత్యాలల ప్రెస్సుకు పోయి రోజంత కూసున్న. కంప్యూటర్ల టైపు చేసే ఆమె నా కథ తెరిచింది. ఒత్తులు దిద్దినం, దీర్ఘాలు దిద్దినం. నేను అరగంట నీళ్ళు తాగిన, బయటికి పోయి వచ్చిన, ఫ్యాను పెంచుమన్న.

"ఇంకేమన్న ఉన్నయా సార్?"

"ఒక పేరు మార్చాలమ్మా. కథల హీరో పేరు. శానా తావుల ఉంటది, నీకు తక్లీబు."

"తక్లీబేముంది సార్. ఒక్కసారి కొడితె అన్నితావుల మారుతది. కొత్త పేరు చెప్పుండ్రి."

రవిని రాజేశం చెయ్యడానికి నాకు ఒక మధ్యాహ్నం పట్టింది, పెన్నుల ఇంకు అయిపోయింది. ఇక్కడ ఒక్క మీట అట. నేను కాగితం మీద రాసి ఇచ్చిన, నోటితోని చెప్పే ధైర్యం చాలక. దొరసారు పేరు. తాతలకాలం నాటి పేరు, దేవుని పేర్లు మూడు కలిసి ఉంటయి, పలకాలంటె నడుమ ఒకసారి ఊపిరి తీసుకోవాలె. మూడు తాలూకలు గాలిచ్చినా ఆ పేరుతోని రెండో మనిషి దొరకడు. ఆ పేరు ఇక్కడ నేను రాస్త లేను. ఎందుకంటె, నా ధైర్యం ఒక్కసారికి సరిపొయ్యేంతనే ఉండె.

ఆమె కాగితం చూసింది. నన్ను చూసింది. ముందు పేజీల 'ఆర్థిక సహకారం' కింద అదే పేరు ఆమెనే టైపు చేసింది గద.

"పక్కానా సార్?"

"పక్కా."

మీట కొట్టింది.

పుస్తకం ఆవిష్కరణ జగిత్యాలలనే, ఒక ఫంక్షన్ హాల్ల. రాజేశాలందరికి నేనే కార్డులు పంచిన. కండక్టరు ఇంటికి మాత్రం రెండుసార్లు పోయిన. రానన్నడు. వాళ్ళ అవ్వ, "పోరాదు కొడుకా, సారు ఇంతగనం బతిలాడుతున్నడు," అంటె వచ్చి చివరి వరుసల కూసున్నడు. నేను దర్వాజ పక్కన కూసున్న. చెప్పులు ఇడువలే.

దొరసారు స్టేజి మీద నడుమ కుర్చీల. రిబ్బను తీసి పుస్తకం పైకెత్తి చూపెట్టిండు. హాల్ల అందరికి కాపీలు పంచిన్రు. నా భార్య అట్టను గోటితోని కొట్టి చూసి, గట్టిదే అన్నట్టు తల ఊపింది. తర్వాత దొరసారు మైకు అందుకున్నడు. అన్ని కథలల్ల తనకు నచ్చింది ఒక్కటి ఉన్నదని, మన నడుమ ఉన్న దొంగ ఉపాసాలోళ్ళ గురించి మా కోరుట్ల పంతులు రాసిండని, అందుల ఒక ముక్క చదువుతనని చెప్పిండు. అచ్చయిన పుస్తకం ఆయన తెరవడం అదే మొదటిసారి. పేజీ అధ్యక్షుడే తీసి ఇచ్చిండు, పాపం, ఆయనకు కన్ను ఇంక సరిగ్గ కనవడత లేదు.

దొరసారు గొంతు సదురుకున్నడు. మొదటి మాటనే ఆ పేరు. పలికిండు. ఎవలో తనను పిలిచిన్రనుకొని తల ఎత్తి హాల్లకు చూసిండు. ఎవలు పిలువలేదు. మళ్ళ పుస్తకంలకు చూసిండు.

"పదింటికి మెడల దండ వేసుకున్నడు," అని చదివిండు. తర్వాత వాక్యంల మళ్ళ అదే పేరు. ఈసారి పలుకలేదు. కండ్లద్దాలు తీసి, పంచె కొంగుతోని తుడిచి, పెట్టుకొని చూసిండు. అద్దాలది తప్పు కాదని తెలిసింది. హాల్ల అందరు పుస్తకాలు తెరిచి, వేలు పెట్టుకొని ఆయన ఎనుకనే చదువుతున్నరు. పేజీలు తిప్పే చప్పుడు గూడ ఆగింది.

ఆయన తెలివైనోడే. నీళ్ళు తాగి, జ్ఞాపకం మీద పోదామనుకున్నడు. "పన్నెండింటికి రాజేశం..." అని మొదలువెట్టిండు.

చివరి వరుసలకెళ్ళి ఒక గొంతు లేచింది. పల్లెవెలుగు బస్సుల ముందు సీటునుంచి ఎనుక సీటుదాక మైకు లేకుండ వినవడే గొంతు.

"సార్, పుస్తకంల గట్ల లేదు. ఉన్నది ఉన్నట్టు సదువుండ్రి."

హోటలు రాజేశం వెనుకకు తిరిగి చూసిండు. పీఈటీ సారు దగ్గిండు. ఎవలు నవ్వలే. నవ్వితె ఆగిపోతదేమో అని అందరికి భయం.

దొరసారుకు ఇగ తొవ్వ లేదు. చదువుడు ఆపితె ఎందుకు ఆపిండో చెప్పాలె. చదివిండు. షుగర్ గోలి, గల్లి, తడి దస్తీ, వణికే గిలాస. ఒక్కొక్క వాక్యంల తన పేరు తనే ఊపిరి తీసుకొని పలుక్కుంట, పేజీల కిందికి దిగొచ్చిండు. నేను దర్వాజ పక్కన కుర్చీలకెళ్ళి సగం లేచి చూస్తున్న.

కొత్తిమీర ఆకు కాడికి వచ్చిండు. అక్కడ, ఆయనకు తెలువకుండనే, చెయ్యి మెల్లగ మీసాల మీదికి పోయింది.